తువ్వాల కింద చెయ్యి

రోగం చేతికి వస్తే వైద్యం తువ్వాలకు చేయించిన మనిషిని నేను. తర్వాత మీరు నవ్వినప్పుడు నొప్పి తక్కువగా ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను.

నాది తాండూరు. ధాన్యం బజారైన గంజ్‌లో కందుల దలాలీ చేస్తాను. అమ్మే రైతుకూ కొనే సేటుకూ మధ్య నిలబడి ధర కుదర్చడం నా పని. మా దగ్గర ధర నోటితో చెప్పరు. భుజం మీది తువ్వాల తీసి చేతుల మీద కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఆ రోజు ధర మీద ఒక రూపాయి, రెండు పడితే రెండు, గుప్పిట మొత్తం పడితే ఐదు. పైన నోరు వానల గురించో, మేనమామ కొడుకు పెళ్లి గురించో మాట్లాడుతుంది. కింద చెయ్యి బేరం చేస్తుంది. చుట్టూ పదిమంది ఉన్నా ఎవరికీ ఏమీ తెలియదు. చేతులు విడిపోయాయంటే ధర ఖాయం. పొరపాటైంది, మళ్లీ పట్టుకుంటాను అనే మాట మా బజారులో లేదు.

అలాంటి పనిలో ఉన్నవాడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

పోలీస్ యాక్షన్ నాటికి నాది కల్లు అలవాటు. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లలో దేశంలో రాజ్యం మారింది, నా సీసాలో సరుకు మారింది. సారాకు దిగాను. మొదట సాయంత్రాలే తాగేవాణ్ని. తర్వాత పొద్దున ఒక గుక్క పడితేగాని చెయ్యి కుదురుగా ఉండేది కాదు. వణుకు తాగడం వల్ల వచ్చిందని నాకు తట్టలేదు. తాగితే తగ్గుతోంది కాబట్టి తాగుడే దానికి మందు అనుకున్నాను. మన భాషలో రెండింటికీ ఒకటే మాట ఉండడం నాకు మరీ కలిసొచ్చింది.

ఎవరైనా అడిగితే వాతం అనేవాణ్ని. హకీం ఇచ్చిన నూనె రాసుకున్నాను. దాంతో వేళ్లు ఇంకా జారాయి. చివరికి ఒక గొప్ప ఉపాయం తోచింది. ఉన్న తువ్వాల పలచన కాబట్టి వణుకు పైకి కనిపిస్తోంది, అంతే కదా! షోలాపూర్ నుంచి వచ్చే దళసరి తువ్వాల ఒకటి కొన్నాను. దుప్పటికి తమ్ముడిలా ఉండేది. అది వేసుకున్న రోజు నాకు పూర్తిగా నయమైందనే అనిపించింది.

చూసేవాళ్లకు వణుకు కనిపించలేదు, నిజమే. కాని తువ్వాల కింద ఉండేది కళ్లు కాదు, ఇంకొకరి చెయ్యి.

ఆ రోజు బాగా గుర్తుంది. మాఘమాసం, చలి. బషీరాబాద్ వైపు నుంచి సిద్దప్ప అనే రైతు మూడు బండ్ల కందులు తెచ్చాడు. నాలుగు వేళ్లకు తక్కువైతే ఇవ్వనని నా చేతిలో చెప్పాడు. నేను వెళ్లి పప్పు మిల్లు యూసుఫ్ సేటు చెయ్యి పట్టుకున్నాను. ఆ పొద్దున నాకు సారా దొరకలేదు. నాలుగు వేళ్లు పట్టబోతే చిటికెన వేలు జారిపోయింది. సర్దుకునేలోగా సేటు తల ఊపి చెయ్యి తీసేశాడు. మూడుకు ఖాయమైపోయింది. కందిపప్పు బజారులో ఇన్నేళ్లున్నా, పప్పులో కాలు వేయడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

నా ముఖం చూసి సిద్దప్ప దగ్గరికొచ్చాడు. మూడని చెప్పగానే, సగం కన్నడంలో ఏమైందని అరిచాడు. “ఏనాయ్తు నర్సింలన్నా? మూడా? నేను నాలుగంటి గదా!”

సేటు తువ్వాల తీసేసి నా చేతిని పదిమందిలో పట్టుకున్నాడు. పట్టుకున్న చేతితోపాటు ఆయన చెయ్యి కూడా ఊగింది.

“అరె నర్సింలూ, వేళ్లు మూడంటున్నయి, మొహం నాలుగంటున్నది. దేన్ని నమ్మాలె?”

“వాతం సేట్.”

“వాతానికి గింత వాసన ఉండదు బేటా.”

అందరూ నవ్వారు. సేటు నవ్వలేదు. సిద్దప్పకు నాలుగు ప్రకారమే ఇచ్చాడు. తిట్టినా బాగుండేది. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “ఇయ్యాల్టి నుంచి నీ చెయ్యి ఎవ్వరి తువ్వాల కిందికి రావద్దు. చెయ్యి నిలబడ్డంక రా. మళ్ల కొత్త కందులు వచ్చేదాక నీ జాగ ఎవ్వరికియ్యనియ్య. గా తర్వాత నా చేతుల లేదు.”

ఇరవై ఏళ్లుగా నేను నిలబడిన జాగా అది. మా నాయన నిలబడింది కూడా అక్కడే.

నా పక్కన దలాలీ చేసే మల్లేశం నా భుజం తట్టాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. సారా దుకాణంలో నా జోడీ. “ఫికర్ చెయ్యకు తమ్మీ, నీ రైతుల్ని నేను చూసుకుంటగా” అన్నాడు. మాట తప్పలేదు. ఒక్క రైతును కూడా వదలకుండా చూసుకున్నాడు.

ఇంటికి వెళితే నా భార్య బాలమ్మ అడగకముందే అన్నం పెట్టింది. మా ఇంట్లో అది మంచి గుర్తు కాదు. నేను తింటుండగా, “ఎప్పుడు మానుతవ్?” అని అడిగింది.

“ఇప్పుడే” అన్నాను.

నా రెండో తెలివితక్కువ పని అది. ఒట్టు పెట్టుకుని అప్పటికప్పుడు మానేశాను. మర్నాటికి ఒళ్లంతా చెమటలు, వాంతులు. ఆ మర్నాడు మధ్యాహ్నం నీళ్ల కుండ దగ్గర కూలిపోయానట. పళ్లు బిగుసుకుని, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయట. నాకు తెలియదు, బాలమ్మ చెప్పింది. లేచేసరికి కుండ పగిలి ఉంది, నాలుక కొరుక్కుని ఉన్నాను. బాలమ్మ అన్న వికారాబాద్‌లో రైల్వే గ్యాంగ్‌మన్. తాగుడు మాన్పించే డాక్టరు ఒకాయన అక్కడి అనంతగిరి గుట్ట కింద ఆస్పత్రిలో ఉన్నారని ఆ అన్న ఒకసారి చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. మర్నాడు పొద్దున ప్యాసింజర్‌లో నన్ను ఎక్కించింది. ధారూరు దాటేదాకా నా చెమట తుడుస్తూ కూర్చుంది.

డాక్టరుగారు బెజవాడ వైపు మనిషి. పేరు రాయడం ఆయనకు ఇష్టం ఉండదు. నా కనురెప్పలు పైకెత్తి చూశారు, పడుకోబెట్టి పక్కటెముకల కింద నొక్కారు. “లివర్ రెండు వేళ్లు పెరిగింది” అన్నారు.

వేళ్ల లెక్క నా లెక్కే కదా. అలవాటు కొద్దీ “ఖాయమా సార్?” అన్నాను.

“ఖాయమేమీ కాదు. మీరు మానితే తగ్గుతుంది.”

పట్టిన వేళ్లు తగ్గే బజారు కూడా ఒకటుందని అప్పుడే విన్నాను. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

“రోజుకు ఎంత తాగుతారు?”

“కొంచెం సార్.”

“మీ కొంచెం ఎంత?”

నేను పైకప్పు చూస్తుంటే బాలమ్మ అందుకుంది. “ఆయన కొంచెం అంటే మూడు పావులు సార్. పొద్దుగాల్ది కలపకుండ.”

డాక్టరుగారు రాసుకున్నారు. “నరసింహులుగారూ, మీరు ఇంట్లో ఒక్కసారిగా ఆపేశారు. మానడం తప్పు కాదు, అలా మానడం తప్పు. ఇన్నేళ్లు తాగిన ఒంటికి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. అందుకే ఇక్కడ పెట్టుకుని ఆపుతాం. రెండు నెలలు ఉండాలి.”

చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టారు. వణుకు ఎంతుందో చూడడానికి అదొక పరీక్ష. నా వేళ్ల మీద ఆ కాగితం పట్టుబడ్డ పిట్టలా కొట్టుకుని కింద పడింది. “ప్రతి సోమవారం ఈ కాగితం పెడతాను. అది పడుకున్న రోజు మీరు లేవవచ్చు” అన్నారు.

వార్డులో నాలుగు మంచాలు. నా పక్క మంచం పరిగి నుంచి వచ్చిన ఒక పట్వారీది. నల్లమందు అలవాటు ఆయనది. అడిగినవాళ్లకు మాత్రం గాలి మార్పు కోసం వచ్చానని చెప్పేవాడు. నేనూ వాతానికి వచ్చానని చెప్పాను. ఇద్దరం ఒకరినొకరు నమ్మినట్టు మర్యాదగా ఉన్నాం.

మొదటి మూడు రోజులు పారాల్డిహైడ్ అనే మందు ఇచ్చారు. దాని కంపు నోట్లోంచి, చెమటలోంచి, చివరికి దిండులోంచి కూడా వచ్చేది. రోజూ విటమిన్ ఇంజెక్షన్లు, గ్లూకోజ్ నీళ్లు. అయినా మూడో రోజు మధ్యాహ్నం తెల్లటి గోడ మీద కందిగింజలు బారులు తీరి నడవడం చూశాను. డెలీరియం అన్నారట డాక్టరుగారు. నాకు మాత్రం అది మంచి సీజనులా కనిపించింది. మంచం పక్కన ఎవరో సేటు కూర్చున్నాడు. దుప్పటి కప్పి, ఆయన చెయ్యి పట్టుకుని బేరం మొదలుపెట్టాను.

ఆ సేటు నర్సు శాంతమ్మ. వికారాబాద్‌ ఆవిడే, యాభై ఏళ్లుంటాయి. ఆ మధ్యాహ్నమంతా ఆమె చెయ్యి తీయలేదు. నేను వేళ్లు నొక్కినప్పుడల్లా “సరే, ఇంక?” అంటూ కూర్చుందట. నాలుగు రోజులకు నాకు తెలివొచ్చాక గంజి గ్లాసు తెచ్చి అడిగింది: “ఏమయ్యా నర్సింలూ, నాకు పది బండ్ల కందులు అమ్మినవ్. ఎప్పుడు దింపిస్తవ్?”

“ఎంతకిచ్చిన సిస్టరమ్మా?”

“ఒక్క వేలుకే ఇచ్చినవ్. మస్తు అగ్గువ.”

నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నేను పడిపోతున్నప్పుడు ఒకరి చెయ్యి నా చేతిలో ఉందని, ఆ చెయ్యి నన్ను మోసం చేయలేదని అనిపించింది.

రెండో వారం నుంచి డైసల్ఫిరామ్ అనే మాత్ర ఇచ్చారు. “ఇది మింగుతూ ఒక్క చుక్క తాగినా ఒళ్లు తిరగబడుతుంది. ఇది కాపలావాడు మాత్రమే. ఇల్లు మీది” అన్నారు డాక్టరుగారు. మందు మానడానికి మందు మింగడం నాకు విచిత్రంగా తోచింది. రోజూ శాంతమ్మ ముందే మింగాలి. నాలుక కింద దాచుకోవడం లాంటివి ఆమె దగ్గర కుదరవు. పట్వారీ ఒకసారి ప్రయత్నించి, నోరు తెరిచి ఆ అని పది నిమిషాలు కూర్చున్నాడు.

ఒళ్లు కాస్త నిలబడ్డాక అందరికీ ఏదో ఒక పని ఇచ్చారు. నాకు వంటింట్లో కందిపప్పులో రాళ్లు ఏరడం. గంజ్‌లో బండ్లకు బండ్లు చేతులు మార్చినవాణ్ని, చేట ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రోజు ఒక్క రాయిని పట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. రాయి అనుకుని పప్పు తీసేవాణ్ని, పప్పు అనుకుని రాయి వదిలేవాణ్ని. మధ్యాహ్నం భోజనంలో పట్వారీ పన్ను కటుక్కుమంది.

“తాండూరోళ్లకు బండలంటే అంత ప్రేమనా?” అంది శాంతమ్మ. “నాపరాళ్లు అమ్ముకుంట బతికే ఊరని తెలుసు గని, పప్పుల గూడ పరుస్తరని తెల్వదు.”

రోజుకు గంట చొప్పున ఏరాను. నెల తిరిగేసరికి రాయి మొదటిసారికే వేళ్లకు చిక్కేది. సోమవారాల్లో కాగితం కొట్టుకోవడం తగ్గి, ఊపిరి పీలుస్తున్నట్టు మెల్లగా కదిలేది. లివర్ ఒక వేలుకు దిగింది. పొద్దున్నే లేచి అనంతగిరి వైపు దారి పట్టి, ఆయాసం వచ్చేదాకా నడిచేవాణ్ని. ఆకలి వేయడమంటే ఏమిటో మర్చిపోయాను, అది తిరిగొచ్చింది. నాకు గర్వం కూడా వచ్చింది. డాక్టరుగారి పరీక్షల్లో అది బయటపడలేదు.

ఆరో వారం ఆదివారం మల్లేశం నన్ను చూడడానికి వచ్చాడు. చేతిలో ఇత్తడి మరచెంబు. ప్రయాణాల్లో ఒలకకుండా మూత మర తిప్పి బిగించే చెంబు. శాంతమ్మ అడిగితే “మజ్జిగ తెచ్చిన సిస్టరమ్మా, మా తమ్మునికి ఒంటికి సల్లగుంటదని” అన్నాడు. ఆస్పత్రి వెనక బండ మీద ఇద్దరం కూర్చున్నాం. మూత తిప్పాడు. వాసన రాగానే తెలిసింది. ఈత కల్లు.

“వద్దన్నా. మాత్ర మింగుతున్న.”

“సారా కాదు గదా తమ్మీ. నిన్ను మానమన్నది సారా. ఇది చెట్టు నీళ్లు. జర ఒక్క గుక్క. దవఖానోళ్లకేం తెలుస్తది?”

ఆ మాట నాకు చాలా సబబుగా వినిపించింది. నాకు అలాంటి మాట ఒకటి కావలసి ఉంది, ఆయన తెచ్చిచ్చాడు. తాగించింది మల్లేశమని తర్వాత కొన్ని రోజులు అనుకున్నాను. మూత ఆయన తిప్పాడు, నోరు నేను తెరిచాను.

పది నిమిషాలు కూడా కాలేదు. కందులమ్ముకునే నా ముఖం కందిపోయింది. తలలో దంచుతున్నట్టు నొప్పి. గుండె పక్కటెముకలను తన్నుతోంది, ఊపిరి అందడం లేదు. వాంతి చేసుకుంటూ బండ మీద నుంచి జారాను. మల్లేశం “సిస్టరమ్మా!” అని ఒక్క కేక పెట్టాడు, అంతవరకు మంచివాడే. ఆ తర్వాత రైలు టైమైందని వెళ్లిపోయాడు. చెంబు అక్కడే ఉండిపోయింది.

బీపీ పడిపోయిందట. సాయంత్రం దాకా డాక్టరుగారు మంచం దగ్గరే ఉన్నారు. కళ్లు తెరవగానే “కల్లే సార్, సారా కాదు” అన్నాను. ఆ స్థితిలో కూడా వాదించాలనిపించింది.

“ఆ తేడా మీ నోటికే తెలుసు. మీ ఒంటికి తెలియదు” అన్నారు ఆయన. కోప్పడలేదు. “ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే. మీ ఆవిడకు మీ నోటితో చెప్పండి. నేను చెప్పను.”

పారాల్డిహైడ్ కన్నా అది చేదుగా ఉంది. తర్వాతి ఆదివారం బాలమ్మ జొన్నరొట్టెలు తెచ్చింది. చెప్పాను. వాతం అని కాదు, మల్లేశం అని కాదు. “నేను తాగిన” అన్నాను.

ఆమె రొట్టెల మూట పక్కన పెట్టింది. తర్వాత నా మంచం కింది సంచిలోంచి ఆ షోలాపూర్ తువ్వాల లాగింది.

“ఇన్ని దినాలు దీని కింద ఏమేమి దాచినవో నాకు తెల్వదనుకున్నవా? ఇయ్యాల ఒక్కటి బయట పెట్టినవ్. సాలు. ఇది నాకియ్యి.”

“ఏం జేస్తవ్?”

“గిన్నెలు దించుకుంట. మసిగుడ్డలు లేవు.”

నిజంగానే నాలుగు ముక్కలు చేసింది. మా ఇంట్లో అన్నం గిన్నె ఇప్పటికీ ఆ ముక్కలతోనే దిగుతుంది. చెయ్యి కాలదు, అంత దళసరి.

ఇంకో నెల ఎక్కువ ఉంచుకుని డాక్టరుగారు నన్ను పంపించారు. చివరి సోమవారం కాగితం నా వేళ్ల మీద పడుకుంది. ఆయన కిటికీ వేశారు, గాలే దాన్ని నొక్కిపెడుతోందేమోనని. మళ్లీ చూశారు. పడుకునే ఉంది.

ఆ ఏటి కందులు అప్పటికే అమ్ముడైపోయాయి. వానలు, ఆ తర్వాత చలి, అన్నీ గడిచాక కొత్త కందులు వచ్చాయి. నేను పలచటి తువ్వాల భుజాన వేసుకుని గంజ్‌కు వెళ్లాను. యూసుఫ్ సేటు నన్ను చూసి చెయ్యి చాపాడు. నేను తువ్వాల కప్పాను. నాలుగు వేళ్లు పట్టుకున్నాను. మామూలుగా అయితే క్షణంలో అయిపోయే పని. ఆయన చెయ్యి తీయలేదు.

“వికారాబాద్‌ల గాలి ఎట్లుంటది నర్సింలూ?”

“మంచిగుంటది సేట్.”

“నీళ్లో?”

“నీళ్లు కూడ మంచిగుంటయి. ఇప్పుడు గవే తాగుతున్న.”

ఆయన ఇంకాసేపు పట్టుకున్నాడు. కింద నా చెయ్యి ఏం చెబుతోందో వింటున్నాడు. చివరికి చెయ్యి తీసి, “నాలుగు. ఖాయం” అని, నా పాత జాగా వైపు గడ్డం ఊపాడు. నేను వెళ్లి అక్కడ నిలబడ్డాను.

అప్పటి నుంచి చాలా కందులు చేతులు మారాయి. మాత్ర ఏడాదిన్నర మింగాను, తర్వాత డాక్టరుగారే ఆపించారు. లివర్ ఇప్పుడు చేతికి తగలదు. సారా దుకాణం వీధి తప్పించుకుని తిరిగి వెళ్లడం వల్ల ఇంటికి రోజూ పావుగంట ఆలస్యమవుతుంది, బాలమ్మ ఆ పావుగంటను క్షమించింది. పెళ్లిళ్లలో గ్లాసు చేతికిస్తే వాసన చూశాకే తాగుతాను. ఇవాళ తాగలేదు. రేపటి సంగతి రేపు రాస్తాను.

నాలాంటివాళ్లు ఇది చదువుతుంటే ఒక్క సలహా. ఇంట్లో ఒట్లు పెట్టుకుని ఒంటరిగా, ఒక్కసారిగా మానకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎంత తాగుతారని అడిగితే అసలు కొలత చెప్పండి. నోరు రాకపోతే ఇంటావిడను వెంట తీసుకెళ్లండి, ఆమెకు తెలుసు.

ఇక మల్లేశం సంగతి. నా రైతులు ఒక్కొక్కరే నా దగ్గరికి తిరిగొచ్చారు, సిద్దప్ప అందరికన్నా ముందు వచ్చాడు. మల్లేశంతో మాటలు మానలేదు గాని, ఆ మరచెంబు నా అటక మీద ఉందని ఎప్పుడూ చెప్పలేదు. పోయిన చలికాలం ఒక పొద్దున అతను భుజాన కొత్త తువ్వాలతో గంజ్‌కు వచ్చాడు. షోలాపూర్‌ది. దళసరిది.

ఆ తువ్వాల చూడగానే నాకు నవ్వు రావాలి. రాలేదు.

దగ్గరికి వెళ్లి, పదిమంది వినకుండా అడిగాను. “వాతమా అన్నా?”

అతను నా వైపు చూడలేదు. “ఎట్ల తెలిసింది?”

“నేను గిదే కొన్న. రేపు పొద్దుగాల రైలుకు వికారాబాద్ పోదాం. వదినెను గూడ తోల్కరా, ఎంత తాగుతవో చెప్పనీకి. ఇయ్యాల మాత్రం మానకు, గక్కడికి పోయినంకనే.”

వస్తాడనుకోలేదు. వచ్చాడు. రైలు ధారూరు దాటాక అతని నోరు ఎండిపోయింది, చేతులు ఒళ్లో గంతులేస్తున్నాయి. వదిన కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను సంచిలోంచి మరచెంబు తీశాను. దాన్ని చూసి అతని ముఖం మాత్ర మింగకుండానే కందిపోయింది.

మూత తిప్పి అతని ముందు పెట్టాను. “జర ఒక్క గుక్క అన్నా. దవఖానోళ్లకేం తెలుస్తది?”

నన్నూ చెంబునూ మార్చి మార్చి చూసి, రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగాడు. సగంలో ఆగి, మూతి తుడుచుకున్నాడు.

“మజ్జిగ” అన్నాడు.

“మజ్జిగే.”

“ఉప్పెక్కువైంది గదరా తమ్మీ!”

ఎక్కువే అవుతుంది. ఒక గుప్పెడు ఎక్కువ వేయమని పొద్దున బాలమ్మకు చెప్పింది నేనే. అతను ముఖం చిట్లించుకుంటూ మిగిలిన సగం కూడా తాగేశాడు. వికారాబాద్ వచ్చేదాకా అతని చెయ్యి నేను వదల్లేదు, తువ్వాల లేకుండానే.